45 మ్యాచ్‌ల వెనక ఉన్న ఇరవై ఏళ్లు కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లలు ఆటలను కెరీర్‌గా ఎంచుకోవచ్చా అన్న విషయం మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగానే ఉంది కానీ ఒక్కచోట ప్రాణం ఉసూరుమంది. దేశం తరఫున ఆడే అవకాశం ఏ కొద్దిమందికో తప్ప రాదు, మిగతావాళ్లు అటు చదువూ లేక ఇటు ఆటా లేక మధ్యలో మిగిలిపోతారు, కాబట్టి తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవాలి అన్నట్టు రాశారు. ఆలోచించుకోవడం మంచిదే, కాదనను. కానీ ఆ 'మిగతావాళ్ల' మధ్యే నా సర్వీసంతా గడిచింది. ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. స్టేట్ మీట్ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు, నేషనల్స్‌కి స్టాండ్‌బైగా వెళ్లి బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్లు, వీళ్లనే నేను ఎక్కువగా చూశాను. వాళ్లు మిగిలిపోయినవాళ్లు అంటే నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పడానికి మనకు బొత్తిగా పరిచయం లేని ఆట నుంచి ఒక మనిషి కథ చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో శాన్ డియేగోలో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు మా అల్లుడు ఐస్ హాకీ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. ఆ ఊరి జట్టు పేరు గల్స్. ఆ జట్టులో 20వ నంబరు జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వరట, అది విల్లీ ఓ'రీ అనే ఆయన నంబరని చెప్పాడు. ఎవరాయన, ఎన్ని కప్పులు గెలిచాడు అని అడిగితే, ఐస్ హాకీలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్)లో ఆయన ఆడింది మొత్తం 45 మ్యాచ్‌లు, కొట్టింది 4 గోల్స్ అన్నాడు. నాలుగు గోల్స్ కొట్టిన మనిషికి నంబరు దాచిపెట్టడమేమిటని పట్టుకుని వదల్లేదు నేను. అప్పటి నుంచీ ఆయన గురించి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

కెనడా తూర్పు కొసన న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రంలో ఫ్రెడరిక్టన్ ఆయన సొంత ఊరు. 1935లో పుట్టారు, పదమూడు మంది సంతానంలో ఆఖరివాడు. వాళ్ల పూర్వీకులు అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. మూడేళ్లకే కాళ్లకు స్కేట్స్ కట్టుకున్నారు. అక్కడి చలికి ఇంటి వెనక నేల మీద నీళ్లు పోసి వదిలేస్తే గడ్డకట్టి రింక్ అయిపోతుంది కాబట్టి, ఆట నేర్చుకోవడానికి ఆయన వేరే ఎక్కడికో పోవలసిన పని లేకపోయింది. హాకీతో పాటు బేస్‌బాల్ కూడా బాగా ఆడేవారు. 1949లో వీళ్ల పిల్లల జట్టు ఊళ్లో ఛాంపియన్ అయితే బహుమానంగా న్యూయార్క్ తీసుకెళ్లారు, అక్కడ జాకీ రాబిన్సన్‌ని కలిశారు. 1947లో అమెరికా పెద్ద లీగ్ బేస్‌బాల్‌లో నల్లవాళ్లకు తలుపు తెరిచిన ఆటగాడాయన. నేను ఐస్ హాకీ కూడా ఆడతానని విల్లీ చెబితే, నల్లజాతి పిల్లలు ఆ ఆట ఆడతారని తనకు తెలియనే తెలియదన్నారట రాబిన్సన్.

ఇక అసలు విషయం. ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అని గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, సుమారు 170 గ్రాముల బరువు. కర్రతో బలంగా కొడితే అది ఎటు వస్తుందో చూసి తప్పుకునే టైం కూడా ఉండదు. ఆ రోజుల్లో హెల్మెట్లు పెట్టుకునేవాళ్లే తక్కువ. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్తగా వచ్చేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది 1979లో అంటే మీరే ఊహించుకోండి. 1955-56 సీజన్లో జూనియర్ జట్టుకు ఆడుతుండగా ఆ పక్ వచ్చి విల్లీ ముఖానికి తగిలింది. ముక్కు విరిగింది, చెంప ఎముక విరిగింది, కుడికంట్లో 95 శాతం చూపు పోయింది. ఇక హాకీ మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఆయన వారాల్లోనే మళ్లీ ఐస్ మీదికి వచ్చేశారు. కన్ను సంగతి బయట ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఒక కన్ను చూపు లేనివాళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకూడదని రూలు.

ఆయన ఆడేది లెఫ్ట్ వింగ్. మైదానం ఎడమ అంచు వెంబడి దూసుకుపోయే పొజిషన్. అంటే ఆటంతా, పాస్ వచ్చేదంతా, మీదపడి గుద్దేవాడు వచ్చేదంతా కుడిచేతి వైపు నుంచే. ఆ కుడి కన్నే కనపడదు. అందుకని ప్రతి పాస్‌కీ తల పూర్తిగా కుడి భుజం మీదుగా తిప్పి, ఎడమ కంటితో పక్ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆ వెతుక్కునేలోపు ఎదుటివాడు వచ్చి పడిపోతాడు. మనం ఎప్పుడైనా కబడ్డీ కోర్టులో ఒక కన్ను మూసుకుని రైడ్‌కి వెళ్లి చూస్తే తెలుస్తుంది, లైను ఎక్కడుందో కూడా తేల్చుకోలేం. అలా ఆడుతూనే ఆయన 1956లో కింది లీగ్‌లో ఆడే క్యూబెక్ ఏసెస్ జట్టుతో ప్రొఫెషనల్ అయ్యారు.

అదే ఏడాది అమెరికా దక్షిణాది రాష్ట్రమైన జార్జియాలో మిల్వాకీ బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టువాళ్లు సెలక్షన్స్‌కి పిలిస్తే కూడా వెళ్లారు. దిగగానే తెల్లవాళ్లకు వేరే, నల్లవాళ్లకు వేరే అని బోర్డులున్న మరుగుదొడ్లు కనపడ్డాయి. సెలెక్ట్ కాలేదు. తిరుగు ప్రయాణం రోజుల తరబడి బస్సులో. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లు వెనకే కూర్చోవాలి కాబట్టి వెనక సీట్లో ఎక్కి, బస్సు ఉత్తరానికి పోయేకొద్దీ ముందు సీట్లలోకి జరుగుతూ ఇల్లు చేరానని తర్వాత చెప్పుకున్నారు. బేస్‌బాల్‌కి అక్కడితో దణ్ణం పెట్టేశారు.

1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ జట్టులో ఒకరు ఆడలేని పరిస్థితి వస్తే విల్లీకి కబురొచ్చింది. మాంట్రియల్ ఫోరంలో మ్యాచ్, 3-0తో బోస్టన్ గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. సంపాదకులు గారూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మర్నాడు పత్రికలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండు మ్యాచ్‌లు ఆడించి మళ్లీ కింది లీగ్‌కి పంపేశారు.

మళ్లీ అవకాశం వచ్చింది 1960-61 సీజన్లో, 43 మ్యాచ్‌లు. కొత్త సంవత్సరం నాడు, 1961 జనవరి 1న, అదే మాంట్రియల్ జట్టు మీద మొదటి గోల్ కొట్టారు, ఆ గోల్‌తోనే బోస్టన్ 3-2తో నెగ్గింది, జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. అదే సీజన్లో షికాగోలో ఒక ఆటగాడు రంగు పేరు పెట్టి తిట్టి, కర్ర పిడితో మూతి మీద పొడిచాడు. ముందు పళ్లు ఊడాయి, ముక్కు విరిగింది. విల్లీ కూడా ఊరుకోలేదు, ఆయన కర్ర ఆయనా ఎత్తారు. సీజన్ అయిపోయాక, వచ్చే ఏడాదికి నువ్వు జట్టులో ఉంటావని యాజమాన్యం నమ్మకంగా చెప్పి పంపింది. ఇంటికెళ్లిన కొద్ది వారాలకే మాంట్రియల్‌కి అమ్మేశారన్న కబురు వచ్చింది. మాంట్రియల్ అప్పటికే మహామహులతో నిండిపోయిన జట్టు, అందులో ఈయనకు చోటెక్కడిది? వాళ్ల కింది జట్టుకు, అక్కడి నుంచి ఆ సీజన్లోనే వెస్టర్న్ హాకీ లీగ్ అనే కింది లీగ్‌లో ఆడే లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్‌కి. ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్ అంతటితో సరి. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు దాటింది, అంతే.

మీ వ్యాసం లెక్కన అయితే ఇక్కడితో ఈయన 'మిగిలిపోయినవాడు' అయిపోయాడు. నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు ఒక లెక్క చూడండి. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే జట్లు. మాంట్రియల్, టొరంటో, బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్. జట్టుకి ఇరవై మంది అనుకున్నా, కెనడా మొత్తం పిచ్చిగా ఆడే ఆటలో పై స్థాయి ఉద్యోగాలు నూట ఇరవై. జట్లు పన్నెండయింది 1967లో, ఇప్పుడు 32 ఉన్నాయి. ఆటగాళ్ల తరఫున మాట్లాడే దిక్కు కూడా లేదు. 1957లో డెట్రాయిట్ ఆటగాడు టెడ్ లిండ్సే తోటివాళ్లను కూడగట్టి సంఘం పెట్టబోతే ఆయన్ని యాజమాన్యం షికాగోకి పంపేసింది, 1967 దాకా సంఘం నిలబడనే లేదు. ఇవాళ ఎన్‌హెచ్‌ఎల్‌లో కనీస జీతం ఏడు లక్షల డాలర్ల పైమాటే, మనవాళ్లు యూట్యూబ్‌లో ఆ అంకెలు చూసి ఐస్ హాకీ అంటే డబ్బు అనుకుంటారు. విల్లీ కాలంలో ఇవేవీ లేవు. అలాంటి రోజుల్లో నూట ఇరవై మందిలో చోటు దక్కకపోవడాన్ని ఆటగాడి వైఫల్యం అనడం అన్యాయం కదండీ. కుర్చీలే తక్కువ. మన దగ్గర కూడా అంతే. జిల్లాకి పన్నెండు మంది జట్టు వెళ్తుంటే పదమూడోవాడికి ఆట రాదని కాదు.

లాస్ ఏంజెలెస్‌లో ఏం జరిగిందంటే, అక్కడి కోచ్ ఈయన్ని రైట్ వింగ్‌లో ఆడమన్నాడు. కోచ్‌కి కన్ను సంగతి తెలియదు, జట్టులో లెఫ్ట్ వింగ్ వాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి మార్చాడు. కుడి అంచుకి వెళ్లగానే కనపడని కన్ను గోడ వైపుకి పోయింది, మంచి కన్ను ముందు రింక్ అంతా పరుచుకుంది. అన్నేళ్లుగా మెడ తిప్పి తిప్పి ఆడిన మనిషికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో. నా సర్వీసులో ఎన్ని జట్లు తయారు చేశానో గానీ, పొజిషన్ మారిస్తే ఆటగాడు మారిపోవడం ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది. ఆ తర్వాత వెస్టర్న్ హాకీ లీగ్‌లో ఆయన నాలుగు సీజన్లలో ముప్ఫై గోల్స్ మార్కు అందుకున్నారు, 1964-65లో ఒకసారి, 1968-69లో ఇంకోసారి 38 గోల్స్ కొట్టారు. 1967లో శాన్ డియేగో గల్స్‌కి వచ్చి ఏడేళ్లు ఆ ఊరి హీరోగా ఉన్నారు. 1978-79లో, 43 ఏళ్ల వయసులో కూడా శాన్ డియేగోలోనే మరో చిన్న జట్టుకి ఒక సీజన్ ఆడారు. రాబిన్సన్‌ని 1962లో లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ కలిస్తే, హాకీ ఆడతానన్న కుర్రాడివి నువ్వే కదూ అన్నట్టు గుర్తుపట్టారట!

ఇదంతా కెరీర్ కాదా? టీవీలో రాని లీగ్, కొన్నిచోట్ల ప్రేక్షకులు ఐస్ మీదికి దూది ఉండలు విసిరిన లీగ్, రాత్రి మ్యాచ్ ఆడి బస్సెక్కితే తెల్లారి ఇంకో ఊళ్లో దిగే లీగ్. కానీ అక్కడ వారం వారం టికెట్ కొని వచ్చిన జనానికి ఆయన ఆట కావాలి, ఆయన ఆడారు, జీతం తీసుకున్నారు, ఇల్లు నడిపారు. ఒక ఊరు ఆయన్ని తన మనిషి అనుకుంది. 45 మ్యాచ్‌లని పైన అంకె వేసి కింద గీత గీసేస్తే ఇవన్నీ ఎక్కడికి పోతాయి?

మనకు తెలిసిన ఉదాహరణ కూడా ఒకటుంది. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. ఆయనదీ కుడి కన్నే, 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే టెస్టు ఆడారు, మరుసటి ఏడాది 21 ఏళ్లకే కెప్టెన్ అయ్యారు, మొత్తం 46 టెస్టులు. రంజీల్లో హైదరాబాద్‌కి జైసింహ కెప్టెన్సీలో ఆడారు కాబట్టి మన పెద్దవాళ్లు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు. పటౌడీ గారంటే నాకు చాలా గౌరవం. కానీ ఆయన నవాబు, ఆక్స్‌ఫర్డ్ కెప్టెన్. కన్ను పోయిందని లోకమంతా తెలిసినా ఆడే హక్కు ఆయనకు ఉంది. విల్లీకి ఆ హక్కు లేదు. తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఒకే దెబ్బ, ఇద్దరి బతుకుల్లో ఎంత తేడాగా పడిందో చూడండి.

ఆ దాచిపెట్టడాన్ని నేను మెచ్చుకోవడం లేదు. ఆయన గురించి రాసేవాళ్లు చాలామంది దాన్నొక వీరగాథలా రాస్తారు, నాకు అది నచ్చదు. ఉన్న ఒక్క కన్నూ పోయుంటే? మా స్కూల్లో ఖోఖో ఆడే అమ్మాయి ఒకతె స్టేట్ సెలక్షన్స్‌కి ముందు మోకాలు దెబ్బతగిలించుకుంది. క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టి, దాని మీద ట్రాక్ ప్యాంటు వేసుకుని, ఎండలో అందరూ షార్ట్స్‌లో ఉంటే తను మాత్రం ప్యాంటు తీయనంది. పోల్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు పెదవి కొరుక్కోవడం చూసి పిలిచి అడిగితే ఏం లేదు సార్ అంది. మోకాలు నిమ్మకాయంత వాచి ఉంది. ఏమ్మా ఎందుకు చెప్పలేదంటే, చెబితే తీసేస్తారు కదా సార్ అని ఏడుపు. తీసేశాను, తప్పదు. ఆ పిల్ల నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ వయసు పిల్లలకు ఆ టెన్షన్ ఎక్కడి నుంచి వచ్చింది? సెలెక్ట్ అయితేనే ఆట, లేకపోతే ఇన్నాళ్లూ వృథా అని ఇంట్లో చెప్తాం, బళ్లో చెప్తాం, పత్రికలో రాస్తాం. ఆ అమ్మాయి తర్వాత యూనివర్సిటీకి ఆడింది, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది, ఇప్పుడు సెలవు రోజుల్లో ఊరి పిల్లలకు నేర్పుతోంది. ఒక్కసారి కూడా దేశానికి ఆడలేదు. ఆమె కెరీర్ గురించి ఏ పత్రికా రాయలేదు.

విల్లీ ఓ'రీ సంగతి పూర్తి చేస్తాను. ఆట మానేశాక ఆయన రకరకాల ఉద్యోగాలు చేశారు, శాన్ డియేగో దగ్గర పేరున్న ఒక హోటల్లో సెక్యూరిటీ విభాగంలో పనిచేశారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన తర్వాత రెండో నల్లజాతి ఆటగాడు మైక్ మార్సన్ వచ్చింది 1974లో, అప్పటికి కూడా ఈయన్ని తలుచుకున్నవాళ్లు తక్కువ. 1998లో, అంటే అరవై దాటాక, లీగ్ ఆయన్ని పిలిచి పేద పిల్లల దగ్గరికి, నల్లజాతి పిల్లల దగ్గరికి వెళ్లి ఆట గురించి చెప్పే బాధ్యత ఇచ్చింది. ఊరూరా తిరిగారు. 2018లో హాకీ గొప్పవాళ్ల పేర్లుండే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు, 2022 జనవరి 18న బోస్టన్ ఆయన 22వ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టింది. మొదటి మ్యాచ్ ఆడిన 64 ఏళ్లకు. అప్పుడు అన్ని పత్రికలూ పేజీలు పేజీలు రాశాయి, మంచిదే. 1958లో రాయవలసినవాళ్లు రాయలేదు, మధ్యలో పదిహేనేళ్లకు పైగా ఆయన కింది లీగుల్లో ఆడుతున్నప్పుడు ఆ ఊరి పత్రికలు తప్ప ఎవరూ చూడలేదు. నాకు బాధ కలిగించేది అదే.

మన దేశంలో కూడా ఐస్ హాకీ ఉంది, మీ క్రీడా పేజీలో ఎప్పుడో తప్ప కనపడదు. లద్దాఖ్‌లో చెరువులు గడ్డకట్టే రెండు మూడు నెలలే వాళ్లకు మైదానం. అలాంటి చోట నుంచి వచ్చిన అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా ఓషియానియా ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. మగవాళ్ల జట్టులో చాలామంది ఆర్మీలో, ఐటీబీపీలో ఉద్యోగం చేస్తూ ఆడేవాళ్లు. అక్కడ ప్రొఫెషనల్ లీగ్ లేదు, కోట్లు లేవు. ఆట ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డ మనుషులు ఉన్నారు.

నేను అడిగేది పెద్ద విషయమేమీ కాదు. మీ జిల్లా ఎడిషన్‌లో వారానికి అరపేజీ ఇవ్వండి. స్టేట్ దాకా ఆడి ఆగిపోయిన మనిషి నలభై ఏళ్ల వయసులో ఏం చేస్తున్నాడో, ఎక్కడ దెబ్బ తగిలిందో, దానికి వైద్యం ఎవరు చేయించారో, ఆ ఆట వల్ల వాళ్ల ఇంటికి ఏం వచ్చిందో, ఏం పోయిందో అడిగి రాయండి. పొగడక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాస్తే చాలు. పిల్లల్ని గ్రౌండ్‌కి పంపాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులకు ఒలింపిక్ పతకం కథ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. సెలక్షన్స్ జరిగే రోజుల్లో గాయాలు దాచిపెట్టొద్దని, దెబ్బ చెబితే ఆ ఏడాది పోయినా ఆట పోదని పిల్లలకు అర్థమయ్యేలా డాక్టర్ల చేత రాయించండి. ఇంకొక మనవి, ఆ వ్యాసంలో వాడిన 'మధ్యలో మిగిలిపోవడం' అనే మాట దయచేసి మళ్లీ వాడకండి, ఆ మాట చదివే పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు.

మీ విలేకరి ఒంగోలులో ఉంటే చెప్పండి. ఎవరెవరిని కలవాలో నేను దగ్గరుండి చూపిస్తాను. సాయంత్రం ఐదు దాటితే వాళ్లంతా గ్రౌండ్‌లోనే ఉంటారు, ఆదివారమైతే పొద్దున ఆరింటికి వస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఒంగోలు